మునిగిన ఓడలు మోస్తున్న రేవు

సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి విశాఖపట్నం చేరుతుంది. కాజీపేటలో ఆ రైలెక్కిన ఒక జంటను ఊహించుకుందాం. ఆయన ఈమధ్యే రిటైరైన లెక్కల మాస్టారు. ఆవిడ ఇన్నేళ్లూ సముద్రాన్ని సినిమాల్లోనే చూసింది. చేతిలో ఉన్నది ఒక్క రోజు. స్టేషన్ బయట ఆటో అతను పలకరిస్తాడు: “ఏటండీ, బీచికేనా?” మాస్టారు “పోర్టు దిక్కు” అంటే, “పోర్టులో ఏటుంటాదండీ సూడ్డానికి?” అని వింతగా చూస్తాడు.

అతని అనుమానంలో తప్పేమీ లేదు. విశాఖ చూడ్డానికి వచ్చేవాళ్లకు ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు రైలు ఉంటే చాలు. పోర్టు అంటే గేట్లు, లారీలు, దుమ్ము. అయితే ఆ బీచ్‌లో కాలికింద ఇసుకకూ, అరకు ఎక్కే రైలుపట్టాలకూ కూడా ఈ పోర్టుతోనే చుట్టరికం. కాబట్టి మాస్టారి దారే సరైన దారి. మనమూ ఆటోలో పక్కకు జరిగి కూర్చుందాం.

మొదటి మజిలీ ఫిషింగ్ హార్బర్. పొద్దున్నే వెళ్తేనే అందం. రాత్రంతా, ఒక్కోసారి రోజుల తరబడి వేటకెళ్లిన మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. మంచు గడ్డలు మరలో పిండి అవుతుంటాయి. తట్టల్లో వంజరం, చందువా, రొయ్యలు. పాట పాడేవాళ్ల నోట అంకెలు ఎంత వేగంగా దొర్లుతాయంటే, నలభయ్యేళ్లు ఎక్కాలు చెప్పిన మాస్టారికీ అందవు. బేరం చేసేది, తూకం చూసేది, డబ్బు లెక్క పెట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వస్తే ఇక్కడ వలలకు కుట్లు వేసుకునేవాళ్లు తప్ప సందడి ఉండదు.

అక్కణ్నుంచి పాత ఊరు దగ్గరే. వైజాగ్ వాళ్ల నోట అది ‘వన్ టౌన్’. కురుపాం మార్కెట్ దగ్గర విక్టోరియా రాణి కంచు విగ్రహాన్ని దాటి, ఇరుకు సందుల్లోంచి పైకెక్కితే రాస్ హిల్. పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న గుట్టకు రాస్ అనే తెల్లదొర పేరు మిగిలింది. 1864లో ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే ప్రార్థనామందిరం అయింది. లోపలికి వచ్చే ఓడలు దర్గావైపు తిరిగి మూడుసార్లు జెండా దించి ఎత్తేవని పాతవాళ్లు చెప్పుకునేవారు.

గుట్ట మీద నిలబడి కిందికి చూస్తే ఆవిడకు కనిపించేది సముద్రంలా ఉండదు. ఈ గుట్టకూ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ పేరుతో సముద్రంలోకి ముక్కు చాచిన యారాడ కొండకూ మధ్య సన్నటి నీటిపాయ. అందులోంచి అపార్ట్‌మెంట్లంత ఎత్తున ఓడ ఒకటి, ముందూ వెనకా టగ్గులు పట్టుకుని, ఊళ్లోకి నడిచి వస్తుంటుంది. “గిది వాగా, సముద్రమా?” అని ఆవిడ అడిగితే మాస్టారి దగ్గర జవాబు ఉండదు. రెండూ నిజమే మరి.

దాదాపు వందేళ్ల కిందటి దాకా అక్కడ ఉన్నది ఉప్పుటేరు. మేఘాద్రి గెడ్డ లాంటి వాగులు వచ్చి కలిసే చోట, పోటుకు మునిగి ఆటుకు తేలే బురదనేల. ఓడలు ఈ ఏట్లోకి రాలేవు. నడిసముద్రంలోనే లంగరు వేసుకోవాలి. అక్కణ్నుంచి సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరాలంటే మసూలా పడవలే గతి. ఈ పడవలకు మేకులుండవు. చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం ఎత్తి నేలకు కొట్టినప్పుడు మేకు దిగిన పడవైతే పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది.

ఈస్టిండియా కంపెనీ ఇక్కడ 1682లో వర్తకస్థావరం పెట్టింది. అప్పటినుంచి రెండున్నర శతాబ్దాల పాటు ఊరి ఓడల వ్యాపారమంతా ఈ కుట్టు పడవల మీద నడిచింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఊరిని పట్టుకున్నాడు, మరుసటి ఏడాదే అది తిరిగి ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. ఆ తర్వాతి కథ మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సినంత పెద్దది. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమని కంపెనీ ఆజ్ఞాపిస్తే, విశాఖలోని సిపాయిలు ఎక్కబోమని తిరగబడ్డారు. మీరట్‌లో తుపాకులు పేలడానికి 77 ఏళ్ల ముందు సంగతిది. మంగళ్ పాండే పేరు తెలియని బడిపిల్లలుండరు. ఈ సిపాయిల సంగతి విశాఖలోనే ఎందరికి తెలుసు?

నడిసముద్రంలో లంగరేసిన ఓడ అంటే తలుపుల్లేని ఇల్లు. 1804 సెప్టెంబరు 15న ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. విశాఖ ఎదుట ‘సెంచూరియన్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక, దాని కాపలాలో రెండు కంపెనీ వర్తకనౌకలు నిలిచి ఉన్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినువా ‘మరెంగో’ అనే పెద్ద యుద్ధనౌకనూ, రెండు ఫ్రిగేట్లనూ వెంటబెట్టుకుని వచ్చి పడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ వేళకు ఓడలో లేడు, ఒడ్డున ఉన్నాడు. ఫిరంగులు మోగుతుండగా పడవెక్కి వెళ్లి తన ఓడను అందుకున్నాడు. సెంచూరియన్ దెబ్బలు తింటూనే లొంగలేదు. వర్తకనౌకల్లో ‘ప్రిన్సెస్ షార్లెట్’ ఫ్రెంచివాళ్లకు చిక్కింది, ‘బార్నబీ’ ఒడ్డుకెక్కి పాడైంది. రాస్ హిల్ అంచున నిలబడితే ఆ యుద్ధం జరిగిన నీళ్లు కనిపిస్తాయి.

ఇక్కడ గట్టి రేవు కావాలన్న మాట 1877లోనే ఒక సర్వే నివేదికకు ఎక్కింది. విశాఖను సెంట్రల్ ప్రావిన్సెస్‌కు, అంటే నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు, సముద్రద్వారంగా చూసిన నివేదిక అది. కాగితం యాభయ్యేళ్లు కాగితంగానే ఉంది. చివరికి దాన్ని కదిలించింది మాంగనీసు. ఆ ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీకి దగ్గరి రేవు కావాలి. 1922లో బ్రిటిష్ అడ్మిరల్టీకి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఉప్పుటేరును చూసి ఇదే తగిన చోటన్నాడు. 1927లో పని మొదలైంది. బురదను డ్రెడ్జర్లతో తోడారు, తోడిన మట్టితో పల్లపు నేలల్ని పూడ్చారు. అవతల కొండల్లోంచి రాయపూర్ - విజయనగరం రైలుమార్గం 1931 నాటికి పూర్తయింది.

ఇంజినీర్లకు అసలు తలనొప్పి బురద కాదు, ఇసుక. ఈ తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి ఋతుపవనాల కాలమంతా కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోలుకుపోతుంటాయి. దారికడ్డంగా లోతైన కాలువ తవ్వితే ఇసుక అందులో పడి మూతి పూడిపోతుంది. ఎంత తోడినా మళ్లీ వస్తుంది. దీనికి వాళ్లు చేసిన ఉపాయం చదివితే మన ఊళ్లలో వాగుకు అడ్డంగా పాత బండి పడేసే రైతు గుర్తొస్తాడు. కాలం చెల్లిన రెండు ఓడల్ని తెచ్చి, రాళ్లతో నింపి, డాల్ఫిన్స్ నోస్ పక్కన సముద్రంలో కావాలనే ముంచేశారు. అదే అడ్డుకట్ట. దాని చాటున నీరు నెమ్మదిస్తుంది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక కాలువదాకా పోకుండా అక్కడే దిగబడుతుంది. దిగబడిన దాన్ని డ్రెడ్జర్ ఎప్పటికప్పుడు తోడుకుంటుంది.

ఆ ఓడల్లో ఒకదాని పేరు వెల్లెడ్‌సన్. రెండోదాని పేరు జానస్. రోమన్ల పురాణాల్లో జానస్ గుమ్మాల దేవుడు. ఒక మొహం లోపలికి, ఒక మొహం బయటికి ఉంటుంది. వెతికి పెట్టుకున్నా రేవు గుమ్మానికి ఇంతకన్నా తగిన పేరు దొరికేది కాదు!

1933 అక్టోబరు 7న కొత్త కాలువలోంచి మొదటి ఓడ లోపలికి వచ్చింది. పేరు ‘జలదుర్గ’. సింధియా స్టీమ్ నావిగేషన్ అనే భారతీయ కంపెనీది. తెల్లదొరలు కట్టిన రేవు గడప మొదట తొక్కింది స్వదేశీ ఓడ అన్నమాట. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. మొత్తం ఖర్చు 378 లక్షల రూపాయలు. పక్కనే డచ్చివాళ్ల కాలం నుంచి ఓడల వ్యాపారంతో బతికిన భీమిలి రేవు ఇక తేరుకోలేదు. భీమిలి చూడ్డానికి ఇంకో రోజు కావాలి. మన జంటకు ఆ వ్యవధి లేదు.

మధ్యాహ్నానికి ఆటో కాలువను చుట్టి అవతలి వైపు వెళ్తుంది. దారిలో సిటీ బస్సుల నొసట ‘సింధియా’ అని కనిపిస్తుంది. గ్వాలియర్ రాజవంశం పేరు విశాఖ బస్సు బోర్డు మీద ఏమిటని మాస్టారు ఆరా తీయాల్సిందే. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ కలిసి 1919లో గ్వాలియర్ మహారాజు దగ్గర ‘లాయల్టీ’ అనే ఓడను కొన్నారు. కొత్త కంపెనీకి ఆ రాజు పేరే పెట్టుకున్నారు. లాయల్టీ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటున్నాం. ఆ కంపెనీయే విశాఖలో ఓడలు కట్టే యార్డు తలపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. యుద్ధం మధ్యలో అడ్డం పడింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి 8,000 టన్నుల ‘జల ఉష’ను నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతం జలప్రవేశం చేయించిన మొదటి ఓడ అది. యార్డు తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ చేతులు మారి డెబ్బై ఏళ్లు దాటినా, ఊరి నోట మాత్రం ఆ చోటు సింధియాయే.

యారాడ కొండమీద లైట్‌హౌస్ 1957 నాటిది. అక్కణ్నుంచి చూస్తే ఊరి పటం మొత్తం ఒక్క చూపులో దొరుకుతుంది. లోపలి హార్బర్ మూడు చేతులుగా చీలి ఊళ్లోకి చొచ్చుకుపోవడం, బయట సముద్రంలో రాతికట్టల మధ్య ఔటర్ హార్బర్, దాన్ని దాటి ఉత్తరంగా బీచ్ వంపు. భోజనం సంగతి వేగిరంగా చెప్పుకుందాం. పాత ఊళ్లో ఒక మెస్సులో వంజరం వేపుడు, చారు, పెరుగు. ఆవిడకు చేపలు పడవు కనుక పప్పు.

యార్డుకు అడ్డం పడిన యుద్ధం సంగతికి వద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ‘ర్యూజో’ మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకు పరుగులు తీశారు. యార్డు పని ఆగిపోయింది. అప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. తీరం కాపలాకు ఫిరంగులు నిలిపిన చోటును ఇప్పటికీ ‘కోస్టల్ బ్యాటరీ’ అంటారు. కొత్తవాళ్లు అక్కడేదో బ్యాటరీల దుకాణం ఉందనుకుంటారు.

దీని తరువాయి భాగం బాంబు కన్నా ఆసక్తిగా ఉంటుంది. పద్ధెనిమిదేళ్లు తిరిగేసరికి, 1960లో, అదే జపాన్ మనతో ఇనుప ఖనిజం కోసం ఒప్పందం చేసుకుంది. బస్తరు అడవుల్లోని బైలాడిలా కొండల నుంచి ఖనిజం విశాఖ రేవుకు దిగాలి. అందుకోసం తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం వేశారు, 58 సొరంగాలతో. సెలవుల్లో మనం అద్దాల పెట్టెలో కూర్చుని అరకు వెళ్లేది ఈ ఖనిజపు దారిలోనే. పెద్ద ఖనిజ నౌకలకు లోపలి హార్బర్ చాలకపోవడంతో ఔటర్ హార్బర్ కట్టారు. అది 1976లో మొదలైంది. ఖనిజం, బొగ్గు రాశులతో ఆదాయం రేవుకు దక్కింది. దుమ్ము మాత్రం పాత ఊరి డాబాల మీద పడింది. పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి నల్లబడుతుందన్న ఫిర్యాదు వన్ టౌన్‌లో తరాలుగా ఉంది. దాన్ని పర్యాటకుల కరపత్రాల్లో రాయరు, అంతే.

నాలుగింటికి బీచ్ రోడ్డు. ఇక్కడ ఓడ నీళ్లలో ఉండదు, ఇసుక ఒడ్డున కాంక్రీటు దిమ్మల మీద పడుకుని ఉంటుంది. ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ రష్యాలో తయారైన జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు దేహాన్ని సముద్రంలోంచి ఒడ్డు మీదకు ఈడ్చుకొచ్చి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల దారి చూపేవాళ్లు చాలామంది మాజీ నావికులే. వాళ్లు చెప్పేది వింటూ, గుండ్రటి ద్వారాల్లోంచి ఒక కాలు ముందు వేసి తల వంచి దూరుతూ, ఆవిడ ముందు భాగంలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు లెక్కపెడుతుంది. వాటి పక్కనే నావికుల పడకలు. వెడల్పు చూసి, “గీడ పండుకున్నరా మనుషులు?” అంటుంది. మాస్టారు అప్పటికే నడుం పట్టుకుని ఉంటారు. ఇద్దరికీ ఆ ఇరుకులో ఒక్కసారి నవ్వొస్తుంది.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. 1988 నుంచి 29 ఏళ్లు సముద్రాల మీద గస్తీ తిరిగి, 2017 మార్చిలో విరమించింది, ఆ ఏడాది డిసెంబరులోనే మ్యూజియమైంది. దాని పని శత్రు జలాంతర్గాముల్ని పసిగట్టడం. వేటాడేదీ, వేటకు గురయ్యేదీ ఇలా ఒకే రోడ్డుకు అటూ ఇటూ నిలబడి పిల్లలకు సెల్ఫీలిస్తున్నాయి.

కొంత దూరంలో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం. 1971 యుద్ధం కథ అక్కడ మొదలవుతుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అంతకుముందు అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ నవంబరు 14న కరాచీ వదిలింది. విక్రాంత్ అండమాన్ వైపు భద్రంగా ఉంది. విశాఖలోనే ఉన్నట్టు భ్రమ కలిగించే బాధ్యత ‘రాజ్‌పుత్’ అనే పాత డిస్ట్రాయర్ తీసుకుంది. డిసెంబరు 3 - 4 మధ్యరాత్రి విశాఖ ముంగిట పెద్ద పేలుడు. ఘాజీ తొంభైమందికి పైగా మనుషులతో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే బద్దలైందని మనవాళ్లు, తాను పరిచిన మైన్లకే బలైందని పాకిస్తాన్ చెబుతూ వస్తున్నాయి. తెలుగువాళ్లకు ఈ కథ 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాతో మళ్లీ గుర్తొచ్చింది. సినిమా చూసి వచ్చి బీచ్‌లో నిలబడేవాళ్లకు, ఆ శిథిలం ఇదే తీరానికి చేరువలో నీటి అడుగున ఉందన్న సంగతి తట్టదు.

పొద్దు వాలింది. ముంత మసాలా బండ్ల దగ్గర జనం మూగారు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని మొదటిసారి కెరటాన్ని పాదాల మీదకు రానిస్తుంది. కెరటం వెనక్కి తీసేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంటే చప్పున ఆయన భుజం పట్టుకుంటుంది.

ఆ ఇసుక ఎక్కడిదో ఇప్పుడు చెప్పుకోవచ్చు. దక్షిణం నుంచి వచ్చే ఇసుకను రేవు గుమ్మం దగ్గరే ఆపేశాక, ఉత్తరాన ఉన్న బీచ్‌కు మేత అందలేదు. కెరటాలు తీసుకుపోయేది తీసుకుపోతున్నాయి, కొత్తది రావడం లేదు. అందుకే రేవు కట్టినప్పటి నుంచీ విశాఖ తీరానికి కోత తప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బీచ్ రోడ్డు అంచులు విరిగిపడ్డాయి. కోతకు మందు కూడా రేవే ఇవ్వాల్సి వచ్చింది. మునిగిన ఓడల చాటున పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్ తోడి, నీళ్లతో కలిపి గొట్టాల గుండా బీచ్‌లో కుమ్మరిస్తుంది. ఏటా లక్షల ఘనపు మీటర్ల లెక్కలో సాగాల్సిన పని. ఒక ఏడాది సరిగా జరగకపోతే కోత రోడ్డు గోడదాకా వస్తుంది.

బీచ్ రోడ్డులో జలాంతర్గామికి, యుద్ధవిమానానికి, హెలికాప్టర్‌కు మ్యూజియాలున్నాయి, చోటుచోటునా నాయకుల విగ్రహాలున్నాయి. జానస్, వెల్లెడ్‌సన్‌ల పేర్లతో, అవి ఏం చేస్తున్నాయో నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పే ఒక పలకను కూడా ఇసుక ఒడ్డున పెట్టమని నగరపాలకులకు, పోర్టు వాళ్లకు మనవి. విశాఖ వెళ్లే పాఠకులకు మాత్రం రెండు మాటలు. రాస్ హిల్‌కు పొద్దున్నే వెళ్లండి, ఓడ లోపలికి వచ్చే వేళ దొరికితే కదలకండి. సోమవారం మాత్రం ఎంచుకోకండి, ఆ రోజు కురుసురకు సెలవు.